వికృతి: ఒక మాట మీద పడ్డ మచ్చ

పోయిన ఏడాది పరీక్షల ముందు మా అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతి తెలుగు పట్టిక ఒకటి బట్టీ పడుతోంది. "ముఖం – మొగం, రాత్రి – రాతిరి, పుణ్యం – పున్నెం, భిక్షం – బిచ్చం..." అంటూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది. వసారాలో చేటతో బియ్యం చెరుగుతున్న మా అమ్మ, "పొద్దుననగా కూర్చున్నావు, లేచి మొగం కడుక్కుని ఏదైనా తిను" అంది. పిల్ల తలెత్తి, "నానమ్మా, నువ్వు మాట్లాడేవన్నీ వికృతులే" అంది. అందులో ఎగతాళి ఏమీ లేదు. పాఠం అప్పజెప్పినట్టే అంది. కానీ చేట ఆగిపోయింది. "నేను అంత వికృతంగా మాట్లాడతానా?" అని మా అమ్మ నా వైపు చూసింది.

ఆ తర్వాత రెండు మూడు రోజులు, మనవరాలి దగ్గర మాత్రం, ఆమె "ముఖం" అని ఒత్తు పలకడానికి కాస్త ఆగి మరీ మాట్లాడడం విన్నాను. డెబ్బై ఏళ్లుగా నోట్లో నలిగిన మాటను ఆమె దాచుకోవలసి వచ్చింది. దానికి కారణం మనవరాలు కాదు, టీచరు కాదు. ఒక పారిభాషిక పదం. బడిలో దానికి ఒక అర్థం, బయట ఇంకొక అర్థం. రెంటి మధ్య వేల ఏళ్ల దూరం ఉంది. ఆ దూరం ఎలా ఏర్పడిందో, వ్యాకరణం నుంచి వైద్యం దాకా ఈ మాట ఎక్కడెక్కడ తిరిగిందో ఒకచోట చేర్చి చూడడమే ఈ వ్యాసం పని.

మాట కట్టుబడి

వికృతిలో మూడు ముక్కలున్నాయి. "వి" ఉపసర్గ, "కృ" ధాతువు, "తి" ప్రత్యయం. "కృ" అంటే చేయడం. ప్రకృతి, ఆకృతి, సంస్కృతి, సంస్కృతం, ప్రాకృతం అన్నీ ఆ ధాతువు బిడ్డలే. త్యాగరాజస్వామి కీర్తనను మనం కృతి అంటాం, అదీ ఇదే ఇంటిది. ఇక "వి" అంటే విడిగా, వేరుగా, ప్రత్యేకంగా. వియోగం, విరూపం వంటి మాటల్లో అది దుఃఖాన్నో లోపాన్నో చెబుతుంది. విజ్ఞానం, విశేషం, వికాసం, వినయం వంటి మాటల్లో మెచ్చుకోలుగా నిలుస్తుంది. ఉపసర్గలో తిట్టు లేదు, ధాతువులో తిట్టు లేదు. కలిపి చూస్తే వికృతి అంటే వేరుగా అయినది, ఉన్న రూపం నుంచి మరో రూపానికి వెళ్లినది. వికారం కూడా ఇదే ఉపసర్గతో, ఇదే ధాతువుతో కట్టిన మాట.

పాణిని అష్టాధ్యాయి నాలుగో అధ్యాయంలో "దాని వికారం" అనే అర్థంలో ప్రత్యయాలు చేర్చే ప్రకరణం ఒకటుంది. మట్టితో చేసినది, రాతితో చేసినది, బూడిదతో చేసినది అని చెప్పడానికి వాడే మాటలు అక్కడ పుడతాయి. అంటే కుండ మట్టికి వికారం. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు చెప్పే పాఠంలోనూ ఇదే కుండ, ఇదే మట్టి. రూపాలు ఎన్ని మారినా మట్టి మట్టే అని ఆయన బోధ. కుండను అందవిహీనం అని ఆయన అనలేదు. నిరుక్తంలో యాస్కుడు వార్ష్యాయణి అనే ఆచార్యుడి మతంగా ఆరు భావవికారాలు చెప్పాడు: పుట్టడం, ఉండడం, మారడం, పెరగడం, తరగడం, నశించడం. ఈ లెక్కలో పసిబిడ్డ పుట్టుక వికారమే, ఎదుగుదల వికారమే, ఊరికే ఉండడం కూడా వికారమే.

మన వంటింట్లో ఇది రోజూ జరుగుతుంది. పాలు తోడుకుంటే పెరుగవుతుంది. అవే పాలు పులుపు తగిలి విరిగిపోవచ్చు కూడా. రెండూ పాలకు వికృతులే. ఒకటి కోరి తోడుపెట్టుకున్నాం, ఇంకొకటి చూసి నొచ్చుకున్నాం. ఆ తేడా మన ఇష్టంలో ఉంది. పాత శాస్త్రాల్లో వికృతి అనే మాట తోడుకున్న పాలకూ విరిగిన పాలకూ ఒకేలా వర్తించేది.

శాస్త్రాల్లో వికృతి

ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికలో ఇరవై ఐదు తత్త్వాల పంపకం ఉంది. మూలప్రకృతి దేనికీ వికృతి కాదు. మహత్తు, అహంకారం, అయిదు తన్మాత్రలు కలిపి ఏడు. ఇవి ఒకదాని నుంచి పుట్టి మరొకదాన్ని పుట్టిస్తాయి కాబట్టి ప్రకృతి–వికృతులు రెండూ. పదకొండు ఇంద్రియాలు, అయిదు భూతాలు కలిసి పదహారు వికారాలు. పురుషుడు ఇదీ కాదు, అదీ కాదు. కంటికి కనిపించే నేల, నీరు, నిప్పు, గాలి, ఆకాశం అన్నీ వికారాల కిందే వచ్చాయి. చూసే కన్నూ, వినే చెవీ కూడా అక్కడివే. మనం నేడు ప్రకృతి అని పిలిచే కొండలూ కోనలూ సాంఖ్యుల లెక్కలో వికృతులు. ఈ ఒక్క సంగతి చాలు, రెండు మాటల అర్థాలూ ఎంత జరిగిపోయాయో తెలియడానికి.

మీమాంసకులకు ప్రకృతి అంటే అంగాలన్నీ పూర్తిగా విధించిన యాగం. దర్శపూర్ణమాసాలు ఇష్టి యాగాలకు ప్రకృతి. వాటి పద్ధతిని అరువు తెచ్చుకుని, అవసరమైన చోట మార్చుకునేవి వికృతి యాగాలు. అగ్నికి బదులు సూర్యుడు దేవత అయితే మంత్రంలో అగ్ని పేరున్న చోట సూర్యుడి పేరు చేరుతుంది. ఈ సవరణకు "ఊహ" అని పేరు. జైమిని సూత్రాల్లో తొమ్మిదో అధ్యాయం అంతా దీని గురించే. వికృతి యాగం ఫలం ఇవ్వదనో, తక్కువదనో ఎవరూ అనలేదు.

వేదపాఠంలోకి వెళితే వికృతికి ఇంకా పెద్ద పీట. సంహిత, పద, క్రమ పాఠాలు మూడూ ప్రకృతి పాఠాలు. జట, మాల, శిఖ, రేఖ, ధ్వజ, దండ, రథ, ఘన అనే ఎనిమిదీ అష్టవికృతులు. జటలో రెండు పదాలను ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు చెబుతారు. ఘనలో ఒకటి–రెండు, రెండు–ఒకటి, ఒకటి–రెండు–మూడు, మూడు–రెండు–ఒకటి, మళ్లీ ఒకటి–రెండు–మూడు అని నడుస్తుంది. ఇన్ని తిప్పులు తిప్పితే ఒక్క స్వరం, ఒక్క అక్షరం జారిపోయినా వెంటనే పట్టుబడుతుంది. వేదం కాగితం మీదికి ఎక్కకముందు ఎన్నో తరాలు నోటి నుంచి నోటికి చెక్కుచెదరకుండా వచ్చిందంటే ఈ వికృతులే కాపలా. గోదావరి తీరపు అగ్రహారాల్లో ఘనపాఠి అనే బిరుదుకు ఇవాళ్టికీ ఉన్న గౌరవం వికృతి పాఠానికి దక్కిన గౌరవమే. 2008లో యునెస్కో తన జాబితాలో చేర్చిన వేదపఠన సంప్రదాయంలో ఈ పాఠాలూ భాగం.

సంగీతంలో షడ్జమం, పంచమం ప్రకృతి స్వరాలు. అవి కదలవు. రిషభం, గాంధారం, మధ్యమం, ధైవతం, నిషాదం వికృతి స్వరాలు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో ఏడు శుద్ధ స్వరాలు, పన్నెండు వికృత స్వరాలు లెక్కించాడు. 17వ శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండీ ప్రకాశికలో కట్టిన 72 మేళకర్తలను గమనించండి. రి–గ జతలు ఆరు, ధ–ని జతలు ఆరు, మధ్యమాలు రెండు. ఆరు ఆర్లు ముప్పై ఆరు, దానికి రెట్టింపు డెబ్బై రెండు. కదలని స, ప ఈ లెక్కలోకే రాలేదు. కర్ణాటక సంగీతంలో మేళానికీ మేళానికీ తేడా తెచ్చేవి వికృతి స్వరాలే.

ఛందస్సులో వికృతి ఒట్టి లెక్క. పాదానికి 21 అక్షరాలుంటే ప్రకృతి, 22 ఉంటే ఆకృతి, 23 ఉంటే వికృతి, 24 ఉంటే సంకృతి. చంపకమాల ప్రకృతి ఛందంలోది, కవిరాజవిరాజితం వికృతి ఛందంలోది. ఒకటి అందం, రెండోది అనాకారి అని ఏ లాక్షణికుడూ చెప్పలేదు.

మన పంచాంగంలోనూ ఆ మాట ఉంది. అరవై సంవత్సరాల్లో 24వది వికృతి, 33వది వికారి. 2010 మార్చి 16న వికృతి నామ సంవత్సర ఉగాది వచ్చినప్పుడు, ఆ పేరు పెట్టి శుభాకాంక్షలు చెప్పుకోవడానికి మా ఊళ్లో కొందరు మొహమాటపడడం నాకు గుర్తుంది. పంచాంగ శ్రవణం రోజున ఒక పెద్దాయన లేచి "ఈ పేరేమిటండీ శాస్త్రిగారూ, వినడానికే బాగాలేదు" అన్నాడు. పేరులో ఏ దోషమూ లేదు. వినే చెవులు మారిపోయాయి.

మచ్చ ఎక్కడ పడింది?

ఇంతమంది శాస్త్రకారుల దగ్గర నిర్మలంగా ఉన్న మాట ఎప్పుడు మాసింది? తారీఖు వేసి చెప్పగలిగే సంగతి కాదు గానీ, మూడు దారులు కనిపిస్తాయి.

మొదటిది వైద్యం. చరకసంహిత సూత్రస్థానంలో ధాతువులు సమంగా ఉండడం ప్రకృతి, వాటి సమత తప్పడం వికారం. ఆరోగ్యానికి సుఖమని పేరు, వికారానికి దుఃఖమని పేరు. ఇక్కడ వికారం అంటే రోగం అయింది. మనం ఇవాళ "కడుపులో వికారంగా ఉంది" అంటే ఆ వైద్యపు మాటే మాట్లాడుతున్నాం. కానీ చరకుడి చూపులో ఒక గొప్ప జాగ్రత్త ఉంది. విమానస్థానంలో రోగిని పది విధాలుగా పరీక్షించమన్నప్పుడు మొదటిది ప్రకృతి, రెండోది వికృతి. వాత ప్రకృతి మనిషిది ఒక తీరు, కఫ ప్రకృతి మనిషిది ఇంకొక తీరు. ముందు ఈ మనిషి సహజస్థితి ఏదో తెలుసుకో, ఆ తర్వాతే దాని నుంచి ఎంత తప్పాడో చూడు అని ఆ వరుస చెబుతుంది. సన్నగా ఉన్నవాణ్ని లావుగా ఉన్నవాడితో పోల్చి రోగి అనడానికి అందులో వీల్లేదు. వికృతిని కొలవవలసింది ఎవరి ప్రకృతితో వారికే.

రెండోది నాట్యశాస్త్రం. వికృతమైన వేషం, వికృతమైన మాట, వికృతమైన నడక చూస్తే హాస్యం పుడుతుందని భరతుడు చెప్పాడు. వికృతమైన ధ్వని వింటే భయానకం పుడుతుందనీ చెప్పాడు. అలవాటు తప్పిన దాన్ని చూసి నవ్వడం, భయపడడం రెండూ మనిషి గుణాలే. పోనుపోను "నవ్వొచ్చేది, భయం పుట్టించేది" అనే భావం మాటకే అంటుకుపోయింది. ఇదే సంప్రదాయంలో ధనంజయుడు దశరూపకంలో, ఏ కదలికా లేని మనసులో శృంగారం తొలిసారి తొణికినప్పుడు దాన్ని మొదటి విక్రియ అన్నాడు. పడుచుపిల్ల కంట్లో మొదటి వలపు మెరుపు కూడా వికారమే అన్నమాట. ఆ సగం మనం మరిచిపోయాం, భయపెట్టే సగం గుర్తుపెట్టుకున్నాం.

మూడోది భాష. సుమారు క్రీ.పూ. 2వ శతాబ్దానికి చెందిన పతంజలి మహాభాష్యంలో, ఒక్కొక్క సాధుశబ్దానికి ఎన్నో అపభ్రంశాలుంటాయని చెప్పి, "గౌః" అనే మాటకు గావీ, గోణీ, గోతా, గోపోతలికా అనే రూపాలు చూపించాడు. అపభ్రంశం అంటే జారిపడినది. ఒకే మార్పుకు వికృతి అంటే వేరైనది అని అర్థం, అపభ్రంశం అంటే పడిపోయినది అని అర్థం. రెండోదానిలో తీర్పు ముందే ఉంది. వ్యాకరణంలో రెండు మాటలూ పక్కపక్కనే తిరిగేసరికి ఒకదాని మచ్చ ఇంకొకదానికి అంటింది. అయితే ఆ జారిపడిన మాటల్లోంచే తర్వాత అపభ్రంశం అనే పేరుతో ఒక సాహిత్యభాష లేచి నిలబడి కావ్యాలు చెప్పింది.

వికృతి తిరిగిన దారికి అన్నిటికన్నా దగ్గరి సాక్ష్యం మన నోట్లోనే ఉంది. మందు వికటించింది అంటాం, పొత్తు వికటించింది అంటాం. తెనాలి రామకృష్ణుణ్ని వికటకవి అంటాం. ఈ "వికట" అనే మాటను పాణిని "వి" మీద ఒక ప్రత్యేక ప్రత్యయం చేర్చి సాధించాడు. ఆధునిక నిఘంటుకారులు మాత్రం "వికృత" అనే మాటే జనం నోట్లో ప్రాకృతంగా మారి "వికట" అయి ఉంటుందని అంటారు. "భృత" నుంచి "భట" వచ్చినట్టే ఇదీ అన్నమాట. అదే నిజమైతే వికృతి అనే మాటకు వికటం ఒక వికృతి. ఆ వికృతిని సంస్కృతం పిలిచి మళ్లీ తన ఇంట్లో పెట్టుకుంది.

తెలుగు మొత్తం వికృతేనా?

నన్నయ పేరు మీద ప్రచారంలో ఉన్న ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతంలో రాసిన తెలుగు వ్యాకరణం. దాని ప్రకారం సంస్కృతం ఆద్యప్రకృతి, ప్రాకృతం కూడా ప్రకృతే, తెలుగు ఈ రెంటికీ వికృతి. అధర్వణుడి పేరిట ఉన్న కారికావళికి వికృతివివేకం అనే పేరే ఉంది. అంటే ఆ వ్యాకర్తలు భాష మొత్తాన్ని వికృతి అని పిలిచి, ఆ భాష కోసమే జీవితాలు ధారపోశారు. వాళ్లకు ఆ మాట తిట్టు అయ్యుంటే అది జరిగేది కాదు.

13వ శతాబ్దంలో కేతన తెలుగులోనే మొదటి తెలుగు వ్యాకరణం, ఆంధ్రభాషాభూషణం రాశాడు. సంస్కృతం అన్ని భాషలకూ తల్లి అని ఆయనా అన్నాడు. అంతటితో ఆగలేదు. తెలుగులో కొంత అక్కడి నుంచి వచ్చిందనీ, కొంత తనంత తానే కలిగిందనీ చెప్పాడు. ఆ రెండో సగం చిన్నది కాదు. నీరు, చెట్టు, కన్ను, చేయి, ఇల్లు, ఊరు, పాలు, పేరు. పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా పనికొచ్చే ఈ మాటలకు సంస్కృతంలో ప్రకృతి వెతికితే దొరకదు. అందుకే మన వ్యాకర్తలు తత్సమం, తద్భవంతో పాటు దేశ్యం అనే గది ఒకటి విడిగా కట్టారు.

ఆ గదే తర్వాత ఒక పెద్ద రుజువుకు పునాది అయింది. మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే అధికారి, కాంబెల్ తెలుగు వ్యాకరణానికి 1816లో రాసిన పరిచయంలో తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదని, అవి వేరే కుటుంబమని నిరూపించాడు. మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక నిఘంటువు, తత్సమ–తద్భవ–దేశ్య విభాగం ఆయనకు చేతికందిన ఆధారాలు. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రావడానికి ఇంకా నలభై ఏళ్లుంది. అది 1856లో వచ్చింది. కనుక భాషగా తెలుగు సంస్కృతానికి వికృతి కాదన్నది రెండు వందల ఏళ్ల కిందటే తేలిన విషయం. మిగిలింది అరువు వచ్చి మారిన మాటల సంగతి. వాటినే చిన్నయసూరి బాలవ్యాకరణం తద్భవాలంది, బడి పట్టికలు వికృతులంటున్నాయి.

మార్పుకు ఒక క్రమం ఉంది

ఆ మార్పు నోరు తిరగక జరిగిన పొరపాటు అనుకునేవాళ్లు చాలామంది. చూస్తే దానికి కాలువలో నీరు పారినంత క్రమం ఉంది. అచ్చతెలుగు మాటల్లో ఒత్తి పలికే అక్షరాలు లేవు కాబట్టి భాష బాస అయింది, కథ కత అయింది. శ, ష లు స అయ్యాయి: శ్రీ సిరి, దోషం దోసం. పదం మొదటి య జ అయింది: యజ్ఞం జన్నం, యముడు జముడు. క్ష కొన్నిచోట్ల క్క, కొన్నిచోట్ల చ్చ అయింది: పక్షి పక్కి, రాక్షసుడు రక్కసుడు, లక్ష్మి లచ్చి, భిక్షం బిచ్చం. జంటాక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, భక్తి బత్తి అయినట్టు. లేదా మధ్యన అచ్చు చొరబడి విడిపోయాయి, రత్నం రతనం అయినట్టు.

వీటిలో చాలా మార్పులు తెలుగువాడి నోట్లో మొదలవలేదు కూడా. అమరావతి, నాగార్జునకొండ శాసనాల కాలంలో ఈ నేల మీద రాజభాషగా, బౌద్ధుల భాషగా ప్రాకృతం నడిచింది. ఉపాధ్యాయుడు అప్పటికే ప్రాకృతంలో మారి, మన దగ్గర ఒజ్జ అయ్యాడు. వైద్యుడు వెజ్జు అయ్యాడు. శ్రేష్ఠి సెట్టి అయ్యాడు. మనవాళ్లు సంస్కృతం పలకలేక పాడుచేశారన్నది నిజం కాదు. రెండువేల ఏళ్ల కిందట ఇక్కడ వినిపించిన మాటలను అలాగే దాచిపెట్టారు. వేదాన్ని అష్టవికృతులు కాపాడినట్టు, ఇప్పుడెవరూ మాట్లాడని ప్రాకృతపు గొంతును మన తద్భవాలు కాపాడాయి.

ఇంకొక సంగతి. వికృతి తన ప్రకృతికి నీడగా ఉండిపోదు, వేరు కాపురం పెడుతుంది. అగ్ని నుంచి అగ్గి వచ్చింది గానీ అగ్గిపెట్టెను ఎవరూ అగ్నిపెట్టె అనరు. పీఠం మీద స్వామీజీ కూర్చుంటారు, పెళ్లిపీటల మీద వధూవరులు కూర్చుంటారు. యాత్ర కాశీకి, జాతర మేడారంలో సమ్మక్క–సారలమ్మలకు. మఠంలో భిక్ష స్వీకరిస్తారు, వీధిలో బిచ్చమెత్తుతారు. ఈ చివరి జంటలో మాట మార్పుతో పాటు మనిషి అంతస్తు కూడా మారింది. పండితుడి నోట ఉన్న రూపం మర్యాద అయింది, పేదవాడి నోట ఉన్న రూపం చులకన అయింది. దైవం నుంచి వచ్చిన దయ్యం కథ అన్నిటికన్నా విషాదం. పాత తెలుగు కావ్యాల్లో దయ్యం అంటే దేవుడే, విధే. ఇప్పుడు ఆ పేరు చెప్పి పిల్లల్ని భయపెడుతున్నాం. వికృతి అనే మాటకు పట్టిన గతే ఒక వికృతికీ పట్టింది.

బడి పట్టికల్లో దిద్దుకోవలసిన తప్పులూ ఉన్నాయి. "అంబ – అమ్మ" అని చాలా పట్టికలు రాస్తాయి. తమిళం, కన్నడం, మలయాళం అన్నిటా ఉన్న అమ్మను బరో, ఎమెనో తమ ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ద్రావిడ పదంగానే చేర్చారు. ఆ నిఘంటువు 1961లో వెలువడి, 1984లో రెండో కూర్పు పొందింది. "నీరం – నీరు" అని రాసే పట్టికల్లో బాణం తలకిందులైంది. నీరం, మీనం అనే సంస్కృత పదాలే ద్రావిడం నుంచి వెళ్లాయని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. మన పిల్లలకు అమ్మ అనే మాట అరువుదని నేర్పడం కన్నా పెద్ద పొరపాటు ఏముంటుంది?

చిన్నయసూరి వర్గీకరణలో నాలుగో గది గ్రామ్యం. లక్షణం ఒప్పుకోని మాటలకు ఆ పేరు. "వచ్చాడు", "వెళ్లింది" వంటి రూపాలు ఒకప్పుడు అచ్చులోకి రాకుండా ఆ గదిలోనే బందీలుగా ఉన్నాయి. సవరల మధ్య తిరిగి వాళ్ల భాషకు నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి, జనం మాటకూ నియమం ఉంటుందని చూపించడానికి జీవితమంతా పోరాడారు. గ్రాంథికం రాసే పండితులే తమ నియమాలు తప్పుతున్నారని పుటల కొద్దీ ఉదాహరణలతో రుజువు చేశారు. ఈ వ్యాసంలో ప్రతి వాక్యమూ ఒకనాటి గ్రామ్యమే.

నార్మల్ అనే మూలమట్టం

ఇవాళ మన ఇళ్లలో వికృతి కన్నా ఎక్కువగా వినిపించేది నార్మల్. రక్తపరీక్ష నార్మల్, బీపీ నార్మల్, కాన్పు నార్మలా సిజేరియనా. దీనికి మూలమైన లాటిన్ మాట నోర్మా అంటే వడ్రంగి మూలమట్టం. రెండు చెక్కలు సరిగ్గా నిలువుగా కలిశాయో లేదో చూసుకునే పనిముట్టు. 19వ శతాబ్దంలో అది "మామూలు" అనే అర్థానికి వచ్చింది. 1835లో బెల్జియం గణిత శాస్త్రవేత్త కెత్‌లే సగటు మనిషి అనే ఊహను ప్రచారం చేశాక, సగటే మూలమట్టం అయి కూర్చుంది. దాని నుంచి తప్పినది అబ్నార్మల్. గ్రీకు నుంచి వచ్చిన ఎనామలీ అనే మాటకు ఎగుడుదిగుడుగా ఉన్నది అని మాత్రమే అర్థం. శబ్దసామ్యం వల్ల అది నియమం తప్పినది అనే అర్థంలోకి జారిందని ఫ్రెంచి తత్త్వవేత్త, వైద్యుడు కాంగిలెమ్ 1943 నాటి తన గ్రంథంలో వివరించాడు. అక్కడా ఇదే కథ. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మాట, ఇలా ఉండకూడదు అని చెప్పే మాటగా మారిపోయింది.

ఈ జారుడు మనుషులను ముట్టుకున్నప్పుడు బాధ ఎక్కువ. వికలాంగులు అనే మాట వేరే ముక్కలతో కట్టినదే అయినా, చెవికి వికృతి పక్కనే వినిపిస్తుంది. వికలాంగుల కోసం వచ్చిన 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే 2016 చట్టంలో ఇరవై ఒకటి అయ్యాయి. ఈలోగా పేరు కూడా మారి దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అయింది. కొత్త పేర్లు మంచి మనసుతో వచ్చినవే. కానీ చూపు మారకపోతే కొత్త పేరుకూ పాత మచ్చే పడుతుంది. ఎవరి ప్రకృతితో వారినే కొలవమన్న చరకుడి వరుస ఇక్కడ మనకు పనికొస్తుంది. చక్రాల కుర్చీలో ఉన్న అమ్మాయిని నడిచే అమ్మాయి సగటుతో కొలిస్తే లోపమే కనబడుతుంది. ఆమె చేయగలిగినదానితో కొలిస్తే ఆమెకు మెట్ల పక్కన ర్యాంపు లేకపోవడమే లోపంగా కనబడుతుంది.

ఏం చేయాలి?

పొరుగు భాషలను చూస్తే ధైర్యం వస్తుంది. తమిళ వ్యాకరణంలో పగుది, విగుది అనే మాటలున్నాయి. అవి ప్రకృతి, వికృతుల తమిళ రూపాలే. విగుది అంటే ఒట్టి ప్రత్యయం. తమిళ పిల్లవాడు ఆ మాట చదివి తన నాయనమ్మను చులకన చేసే అవకాశమే లేదు. మనకూ తద్భవం అనే చక్కని మాట సిద్ధంగా ఉంది. దాని నుంచి పుట్టినది అని తప్ప అందులో ఏ తీర్పూ లేదు. బడిలో దాన్నే వాడవచ్చు. వికృతి అనే పేరే ఉంచుకుంటే, పట్టిక పైన ఒక్క వాక్యం చాలు: వికృతి అంటే మారిన రూపం, చెడిన రూపం కాదు. పట్టిక కింద ఆ మార్పుల క్రమం ఇవ్వవచ్చు, ఇంట్లో పెద్దవాళ్ల నోట ఇలాంటి మాటలు పది విని రాసుకు రమ్మనవచ్చు. అప్పుడు రెండు మార్కుల బిట్లు బట్టీ పట్టే పిల్లలు మొదటిసారి తమ ఇంటి మాటను శ్రద్ధగా వింటారు.

ఆ రెండు మూడు రోజుల తర్వాత ఒక సాయంత్రం మా అమ్మ పాలు కాచి తోడు వేస్తుంటే మా అన్నయ్య కూతురిని పిలిచి పక్కన కూర్చోబెట్టాను. పాలు విరగడం, తోడుకోవడం రెండూ చెప్పి, "నానమ్మ మాట ఇందులో ఏది?" అని అడిగాను. కాసేపు గిన్నె వంక చూసి, "తోడుకున్నది" అంది. తర్వాత తన నోటు పుస్తకంలో పట్టిక మీద వికృతి అన్న మాట పక్కన "మారిన రూపం" అని రాసుకుంది. మర్నాడు పొద్దున్నే వంటింట్లోంచి "మొగం కడుక్కున్నావుటే?" అన్న కేక వినిపించింది. ఒత్తు లేదు, తటపటాయింపూ లేదు.

మళ్లీ వికృతి నామ సంవత్సరం 2070లో వస్తుంది. అప్పటికి ఆ పిల్లకు అరవై దగ్గర పడతాయి. ఆ ఉగాదినాడు తన ఊళ్లో ఎవరైనా లేచి ఈ పేరేమిటండీ అని అడిగితే, చెప్పడానికి ఆమె దగ్గర ఒక జవాబు ఉంటుంది.